చూరు నీడ

కృష్ణా జిల్లా యనగానే కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలు తలపునకు వచ్చుట సహజమే గాని, ఆ జిల్లాకు వాయవ్యమున, తెలంగాణపు పొలిమేరకు చేరువగా, డెల్టా చల్లదనము సోకని మెట్టసీమ యొకటి కలదు. తిరువూరు, గంపలగూడెము ప్రాంతములు ఆ సీమలోనివి. వేణుగోపాలస్వామి కోవెలవలన పొరుగు జిల్లాలవారికిని సుపరిచితమైన నెమలి గ్రామము ఆ గంపలగూడెము మండలములోనిదే. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి ఈ ప్రాంతము ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరి పేరు మార్చుకొన్నను, ఇక్కడి వేసవి తన పూర్వస్వభావమును మార్చుకొనలేదు. మామిడితోటలకును ప్రత్తిచేలకును నెలవైన ఈ నేల, నాగార్జునసాగరు ఎడమ కాలువకు చివరి భూములలోనిదగుటచేత, నీటికొరకు ఎప్పుడును ఆకాశమువంకను బావివంకను చూచుచుండునదే. కట్టలేరువంటి వాగులు ఎండలు ముదురునప్పటికి ఇసుకమేటలై మిగులును. రోహిణీకార్తెలో రోళ్ళు పగులునన్న సామెత ఇక్కడ అతిశయోక్తిగా తోచదు. మే మాసమున ఉష్ణము 44, 45 డిగ్రీలను అందుకొను దినములు ఈ మెట్టసీమలో అరుదు కావు.

ఇట్టి ఎండలో మనుష్యుడు తన్ను తాను కాచుకొనిన విధమును గూర్చి వ్రాసినవారు కలరు. కాడెద్దును, పాడిగేదెను కాచిన విధమును గూర్చియు వ్రాసినవారు కలరు. అవి సంపద గనుక. వాకిట పండుకొను కుక్కకును, గాదెక్రింద తిరుగాడు పిల్లికిని వేసవి ఎట్లు గడచెనో విచారించినవారు అల్పులు. శాసనములలో వాని పేరు కానరాదు. దానపత్రములలో వానికి భాగము లేదు. అయినను ఆ చరిత్ర లేకపోలేదు. అది ఇంటి చూరులో, పెరటి నేలలో, ఎంగిలి విస్తరిని పారవేయు చోటులో వ్రాయబడియున్నది. దానిని కొంత ఓపికతో చదివినచో నాకు తోచిన విషయమేమనగా, పూర్వకాలమున ఈ రెండు ప్రాణులను వడగాడ్పునుండి రక్షించినది యజమానుని దయకంటె నెక్కువగా ఆ ఇంటి కట్టుబడియే.

దయ లేదని నా భావము కాదు. దయకు మన దేశమున రాతిమీది సాక్ష్యమే కలదు. కర్నూలు జిల్లాలోని ఎర్రగుడిలో అశోకుడు చెక్కించిన ధర్మలిపులలో రెండవదానియందు, మనుష్యులకును పశువులకును చికిత్సలు ఏర్పరచినట్లును, బాటలవెంట బావులు త్రవ్వించి వృక్షములు నాటించినట్లును చెప్పబడినది. ఆ నీరును ఆ నీడయు మనుష్యులకొరకే గాక పశువులకొరకును ఉద్దేశింపబడినవని ఆ శాసనము స్పష్టముగా పలుకుచున్నది. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున, తెలుగునేలమీద, ఎండకు వగర్చు జంతువునుగూర్చి ఒక ప్రభువు తలంచి ఆ తలంపును బండపై నిలిపెనన్నమాట. ఆ పిమ్మట పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరమున నన్నయభట్టు తెనిగించిన భారతమున, ఆదిపర్వపు తొలి ఘట్టములలోనే, సరమ యను దేవశుని తన పిల్లను నిష్కారణముగా కొట్టిరని జనమేజయుని సభకు వచ్చి మొరపెట్టుకొనుచున్నది. తిక్కన సోమయాజి చేతిలో ఆ మహాకావ్యము ముగియవచ్చునప్పటికి, తన్ను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని ధర్మరాజు నిలిచిపోవుచున్నాడు. ఒక కుక్క ఫిర్యాదుతో ఆరంభమై, ఒక కుక్క పక్షమున పలికిన మాటతో ముగింపునకు వచ్చు గ్రంథము మన వాఙ్మయమునకు మొదటిదగుట నాకు గర్వకారణముగా నున్నది.

గృహస్థధర్మమునందును కుక్కకు చోటుండెను. వైశ్వదేవము జరుపువాడు తాను భుజించుటకు ముందు కుక్కలకును, కాకులకును, పురుగులకును అన్నము నేలపై మెల్లగా ఉంచవలెనని ధర్మశాస్త్రము విధించినది. ఆ శాస్త్రమును చదువని ఇంటిలోకూడ కుక్కముద్ద యను ఆచారము నిలిచియుండెను. చైత్ర వైశాఖములలో బాటసారులకు చలివేంద్రము పెట్టు చోట, ముంతతో నీరు పోయునప్పుడు నేల కొలికిన నీరు చిన్న మడుగై నిలిచెడిది; దానిని త్రాగుటకు వచ్చిన కుక్కను అదలించుట పాపమని పెద్దలు చెప్పెడివారు. ఇవన్నియు దయాకార్యములే. కాని దయ ఒకరికుండును, ఒకరికుండదు. ఒకనాడు కలుగును, మరునాడు మరపునకు వచ్చును. ఇంటి చూరు మాత్రము ప్రతిదినమును నీడనిచ్చుచుండెను.

ఆ ఇల్లెట్టిదో కొంచెము వివరించవలసియున్నది. మెట్టసీమలో పేదవాని ఇల్లు తాటాకుదో రెల్లుగడ్డిదో అయ్యెడిది; కలవాని ఇల్లు మండువా లోగిలి, పైని పెంకులు. రెంటికిని సమానమైనది చూరు. అది గోడను దాటి మూడు నాలుగడుగులు ముందునకు సాగి, మనిషి వంగి నడువవలసినంత క్రిందికి దిగియుండెడిది. వానకును ఎండకును మట్టిగోడ చెడకుండుటకై ఏర్పడిన ఈ చూరుక్రింద, ఎవరును సంకల్పింపకయే, రోజంతయు చల్లగా నుండు పట్టీ యొకటి ఇంటిచుట్టును ఏర్పడెడిది. ప్రొద్దుట పడమటి ప్రక్కను, మధ్యాహ్నము గోడ వారను, సాయంకాలము తూర్పు వాకిట — ఇట్లు నీడతోపాటు కుక్కయు ఇంటిచుట్టు ప్రదక్షిణము చేయుచుండెడిది. అరుగుక్రింద నేల అలికిన మట్టినేల. తెల్లవారుజామునను, ఎండలు ముదిరినపుడు సాయంకాలమునను కల్లాపి చల్లుటచేత ఆ నేల తేమను పీల్చి, ఎండ ఎక్కినకొలదిని దానిని నెమ్మదిగా విడుచుచుండెడిది. పొట్టను ఆ నేలకు ఆనించి, నాలుగు కాళ్ళను చాచి కుక్క పండుకొనుట మనమందరము చూచినదే. పొట్టమీదను తొడల సందునను వెండ్రుక పలుచగా నుండుటచేత, ఆ భాగమునుండి వేడి నేలలోనికి పోవును.

ఇచ్చట కుక్క శరీరధర్మమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. మనకువలె దానికి ఒడలంతట చెమట పట్టదు. పాదముల మెత్తలయందు మాత్రము కొలదిగా పట్టును. దాని వేడి పోవు ప్రధానమార్గము నోరును ముక్కును; నాలుక వెలిబెట్టి వగర్చునపుడు లోని తేమ ఆవిరియై, ఆ ఆవిరితో వేడియు వెడలిపోవును. కావున దానికి వేసవిలో వలసినవి మూడు: వగర్చుటలో పోయిన నీటిని పూరించుకొనుటకు నీరు, ఆవిరిని కొనిపోవుటకు కదలెడి గాలి, పొట్ట ఆనించుటకు చల్లని నేల. పిల్లి సంగతి కొంత వేరు. ఎడారి పూర్వులనుండి వచ్చిన ఆ జంతువు ఎండను కుక్కకంటె బాగుగా ఓర్చును. ఒడలిని నాకుకొని, ఆ తడి ఆరుటచేత చల్లబడును. కాని దాహము వేసినను నీరు తక్కువగా త్రాగుట దాని స్వభావము గనుక, ఒంటిలోని నీరు తగ్గిన సంగతి చూచువారికి ఆలస్యముగా తెలియును.

పూర్వపు పెరడు ఈ అక్కరలన్నింటిని తీర్చుచుండెను. స్నానపుబండ నీరు కాలువ కట్టి అరటిపాదులోనికి పోయెడిది. ఆ పాదులోని బురదనేల వేసవి మధ్యాహ్నమున కుక్కకు పట్టుపరుపు. అది ముందుకాళ్ళతో ఒక జానెడు త్రవ్వి, చల్లని మట్టిలో ఒదిగి పడుకొనెడిది, ఇల్లాలు అరటిమొక్క వేళ్ళు బయటపడెనని విసుగుకొనుచు మరల మట్టి కప్పెడిది. పశువుల కుడితిగోలెము దొడ్డిలో ఎప్పుడును నిండియుండెడిది. బియ్యము కడిగిన నీరు, గంజి, తవుడు కలిసిన ఆ కుడితి గేదెకొరకైనను, గోలెపు అంచుమీద ముందుకాళ్ళు మోపి కుక్క త్రాగుట ఎవరును ఆక్షేపించలేదు. గడ్డివామి నీడ మరియొక ఆశ్రయము. వేపచెట్టు లేని దొడ్డి అరుదు. తమకు చల్లనిగాలి కొరకని నాటిన ఆ చెట్టు క్రింద పగలంతయు పండుకొన్నవి పశువులును కుక్కలునే.

పిల్లికి ఇంటిలోపల వేరొక రాజ్యముండెను. ధాన్యపు గాదెలును పురులును ఉన్నంతకాలము ఎలుకలుండును, ఎలుకలున్నంతకాలము పిల్లికి గౌరవముండును. పాలు పెరుగులను దానికందకుండ ఉట్టిమీద పెట్టిన ఇల్లాలే, కుండల క్రింది తడియిసుకలో అది ముడుచుకొని పడుకొన్నపుడు చూచి చూడనట్లుండెడిది. త్రాగునీటి కుండలను ఇసుకదిబ్బమీద నిలుపుట, ఆ ఇసుకను తడుపుట తెలుగు ఇండ్లలో వేసవి అలవాటు. ఇంటిలో అంతకంటె చల్లని చోటు లేదు. ఆ చోటును పిల్లి ఎన్నుకొనుటలో వింత లేదు. సాయంకాలము అది గోడలెక్కి, పెంకుల వేడి దిగువరకు వేచి, రాత్రి తన పనికి పోవుచుండెడిది.

ఈ చిత్రమునకు మకుటము వంటి విషయమొకటి కలదు: ఆ కుక్కకు గొలుసు లేదు. ఊరికుక్క ఏ యింటిదో అందరును ఎరుగుదురు గాని దానిని కట్టివేయుట ఎవరును ఎరుగరు. కాబట్టి అది తన నీడను తానే వెదకుకొనెను. చెరువులో దిగి మెడవరకు మునిగి కూర్చుండెను, కోవెల మండపములోని రాతిబండపై పడుకొనెను, రచ్చబండక్రింద దూరెను. జంతువునకు తన శరీరము చెప్పినంత స్పష్టముగా మనమెవరమును చెప్పలేము. వేసవిలో దానికి స్వేచ్ఛయే మొదటి వైద్యము.

ఎండకు తగినట్లు ఒడలు మలచుకొనిన జాతియొకటి మన పరిసరములలోనే పుట్టినదని ఈ కాలపు పిల్లలకు తెలియకపోవచ్చును. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న కొల్లేరు ప్రాంతమున జోనంగి యను కుక్కజాతి కలదు. దాని ఒంటిమీది వెండ్రుక ఎంత పొట్టిదనగా, దూరమునుండి చూచువారికి బోడి కుక్కవలె తోచును. నుదుట ముడుతలు, సన్నని కాళ్ళు, నిగనిగలాడు చర్మము. ఇతర కుక్కలవలె మొరుగక, రాగము తీసినట్లు ఒకవిధమైన కూత కూయును. కొల్లేటివారు బాతుల మందలను చేలలోనికిని మడుగులలోనికిని తోలుకొనిపోవుటకు దీనిని పెంచిరి. అది దొరికిన చేపలను తిని బ్రతికెను. నేలలో గోతులు త్రవ్వి వానిలో విశ్రమించుట దీని ప్రత్యేకగుణము. ఎండనుండి తప్పించుకొను విద్యను అది తన గోళ్ళలోనే దాచుకొన్నదనవచ్చును. తరువాత కొల్లేటిలో బాతుల పెంపకము తగ్గి చేపల చెరువులు పెరిగినవి; మందతోపాటు మందను కాచు కుక్కయు అక్కర లేనిదైనది. కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2006లో అక్రమపు చేపల చెరువుల గట్లు తెగగొట్టబడినవి. దూరదేశపు పక్షుల రక్షణకై జరిగిన ఈ ప్రయత్నములను నేను మనసార అభినందించుచున్నాను. కాని ఆ సరస్సు ఒడ్డుననే పుట్టి, మన ఎండను మనకంటె బాగుగా భరింపనేర్చిన జోనంగినిగూర్చి అంతటి శ్రద్ధ చూపబడకపోవుట విచారకరము.

దీనికి విరుద్ధమైన కథ దొరల కుక్కలది. ఇంగ్లండునుండి ఓడలలో తెచ్చిన వేటకుక్కలు మన మైదానముల ఎండకు నిలువలేకపోయినవి. మద్రాసు ప్రభుత్వము వేసవిలో ఉదకమండలమునకు తరలిపోవుకాలమున దొరలతోపాటు వారి కుక్కలును కొండలెక్కెడివి. పోలేనివానికి బంగళా వసారాలలో వట్టివేళ్ళ తడికలు కట్టి, నౌకరులు వానిపై నీరు చల్లుచుండెడివారు. జమీందారులలో కొందరు ఆ మోజుతో విదేశపు జాతులను పెంచిరి. ఊరికుక్కకు చూరు ఉచితముగా ఇచ్చిన సుఖమును దొరకుక్కకు ఇచ్చుటకు నలుగురు మనుష్యులు పగలంతయు శ్రమింపవలసివచ్చెను.

ఆ కాలమునకే చెందిన ఒక దారుణమును చెప్పకుండ ఈ చరిత్ర సంపూర్ణము కాదు. ఎండవలన కుక్కకు పిచ్చి యెత్తునన్న నమ్మకము పాశ్చాత్యదేశములలోను మనదేశములోను బలముగా నుండెను. బొంబాయిలో వేసవి దినములలో వీధికుక్కలను చంపుటకు ప్రభుత్వము అనుమతించుచుండెను. 1832 జూన్ మాసమున ఆ వధను సహింపలేక పార్సీలు తిరుగబడిరి, నగరమంతయు అల్లకల్లోలమైనది. మన పల్లెలలో శాసనము లేకయే ఆ పని జరుగుచుండెను. దాహముతో నాలుక వ్రేలాడవేసి, నోట చొంగ కార్చుచు, అడుగులు తడబడుచు వచ్చు కుక్కను చూచి పిచ్చికుక్క యని రాళ్ళు రువ్వినవారెందరో! పిచ్చికుక్క కాటువలన కలుగు రోగము సూక్ష్మక్రిమివలన సంక్రమించునది. ఎండతో దానికి సంబంధము లేదు. 1885లో పాశ్చరు టీకాతో చికిత్స వెలసెను. 1907లో కూనూరులో పాశ్చరు సంస్థ వెలసినపిమ్మట దక్షిణదేశమున కాటు తగిలినవారికి అదే దిక్కైనది. నేడు టీకా పశువైద్యశాలలలో దొరకును. రోగమునుండి కాపాడునది టీకా. దప్పికనుండి కాపాడునది నీరు. ఈ రెంటిని కలిపి గందరగోళము చేసికొనినందున వడదెబ్బ తగిలి సహాయము కోరవచ్చిన ప్రాణి ఎన్నోసార్లు రాతిదెబ్బ తిని పోయినది. ఇంతకు మించిన అన్యాయము నాకు తెలియదు.

చట్టము సంగతి సంగ్రహముగా చెప్పెదను. 1824లో లండనులో జంతుహింసా నివారణ సంఘము పుట్టినది. 1861లో కలకత్తాలో అట్టి సంఘమే వెలసినది. 1890లో బ్రిటిషు ప్రభుత్వము ఒక చట్టము చేసినది. స్వాతంత్ర్యానంతరము శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుదలతో చేసిన కృషి ఫలించి 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. 1962లో ఆమె అధ్యక్షతన జంతుసంక్షేమ మండలి మద్రాసులో ఏర్పడినది. ఆ చట్టములోని పదునొకండవ సెక్షను, పెంపుడు జంతువునకు చాలినంత తిండి, నీరు, ఆశ్రయము ఇవ్వకుండుటను నేరముగా పరిగణించుచున్నది. పొట్టి గొలుసుతోగాని బరువైన గొలుసుతోగాని తగనంతకాలము కట్టివేయుట నేరము. ఎల్లప్పుడు కట్టియుంచిన కుక్కకు తగు వ్యాయామము కల్పింపకపోవుటకూడ నేరమే. 1965 నాటి నియమములు ఇంకొక అడుగు ముందునకు వేసి, ఉష్ణము 37 డిగ్రీలు మించిన చోట మధ్యాహ్నము 12 గంటలనుండి 3 గంటలవరకు బండియెద్దులను కాడిక్రింద ఉంచరాదని గడియారము చూపి చెప్పినవి. కుక్కకొరకు అట్టి గడియ ఏదియు నియమింపబడలేదు. నియమింపబడవలెనని నా అభిప్రాయము: ఆ మూడు గంటలలో ఎండలో ఏ ప్రాణిని కట్టివేయరాదని ఒక్క వాక్యము చాలును.

ఏలననగా చూరు పోయినది. గడచిన యాభై సంవత్సరములలో మన పల్లెల ఇండ్లు మారిన తీరు ఎవరును ఎరుగనిది కాదు. తాటాకు పోయి స్లాబు వచ్చినది. నిప్పు భయము తగ్గెను, వాన కారుట మానెను, పేదవాడు సుఖపడెను. ఆ మార్పును నిందించుట నా ఉద్దేశము కాదు. కాని స్లాబునకు ముందునకు వంగిన చూరు లేదు. మట్టివాకిలి పోయి సిమెంటు వచ్చెను. కల్లాపి ఆవిరైపోవుటయే గాని ఇంకుట లేదు. అరటిపాదు ఎండెను, స్నానపు నీరు గొట్టములో పోయెను. కుడితిగోలెము ఉన్న ఇల్లు అరుదయ్యెను. ప్రహరీగోడయు ఇనుపగేటును వచ్చి, వీధిలో తిరుగు కుక్కను ఇంటి నీడనుండి వెలివేసినవి. లోపలి కుక్కకు గొలుసు పడినది. గోడవార రెండు గజముల గొలుసుతో కట్టబడి, నీడ తన్ను విడిచి జరిగిపోవుచుండగా దానివెంట పోలేక ఎండలో నిలిచిన కుక్కను ఈ సీమలో ఏ ఊరిలోనైనను మే నెలలో చూడవచ్చును. అది పాపము చేయలేదు. మనము మంచి ఇల్లు కట్టుకొంటిమి, అంతియే.

దీనికి తోడు పట్టణములలో చప్పిడిముక్కు పగ్గులును, మంచుదేశపు హస్కీలును, దట్టమైన బొచ్చుగల పర్షియను పిల్లులును మధ్యతరగతి ఇండ్లలో ప్రవేశించినవి. వగర్చుటయే ప్రాణాధారమైన జంతువునకు శ్వాసమార్గమే కురుచయైనచో దాని గతి యేమి? 2003 మే మాసమునందును, 2015 మే మాసమునందును వడగాడ్పులు ఆంధ్రదేశమున వేయిమందికి పైగా మనుష్యులను పొట్టనబెట్టుకొన్నవి. మూగజీవములను లెక్కపెట్టినవారు లేరు.

గృహనిర్మాణము చేసిన పనిని ఇప్పుడు చేతులతో చేయవలసియున్నది. ఆ చేతిపని ఏమంత కష్టమైనదియు కాదు. స్లాబు వార నాలుగు తాటాకులతో పందిరి, దానిక్రింద ఒక గోనెపట్టా లేక తడిపిన ఇసుక. నీటికి వెడల్పు మూతిగల మట్టిపాత్ర, దినమునకు రెండుమూడుసార్లు కడిగి నింపినది, లోహపు గిన్నె ఎండకు కాగిపోవును గనుక మట్టిదే మేలు. కుక్కను తిప్పుట సూర్యోదయమునకు ముందు, లేదా దీపములు పెట్టిన తరువాత. తారురోడ్డుపై అరచేయి ఆనించి చూచినచో దాని పాదము పడు బాధ తెలియును. నిలిపిన కారులో ఒక్క నిమిషమైనను జంతువును వదలరాదు. మధ్యాహ్నము గొలుసు విప్పి ఇంటిలోనికో చెట్టుక్రిందికో రానీయవలెను. పిల్లికి ఇంటిలో రెండు మూడు చోట్ల నీటిగిన్నెలు పెట్టవలెను. తలుపు వేయుటకు ముందు బీరువాచాటున, పైయింటి కొట్టుగదిలో అది చిక్కుకొనలేదని చూచుకొనవలెను. కుక్క ఒంటి సహజోష్ణము 38, 39 డిగ్రీలు. అది 41 దాటినచో ప్రాణాపాయము. ఆగని వగర్పు, చిక్కని చొంగ, ఎర్రబారిన చిగుళ్ళు, తూలు నడక, వాంతి కనిపించినచో నీడకు చేర్చి, మామూలు చల్లని నీటితో పొట్టను, తొడలను, పాదములను తడిపి, విసనకఱ్ఱతోనో పంకాతోనో గాలి కొట్టుచు, కొంచెము కొంచెముగా నీరు త్రాగనిచ్చి, పశువైద్యునివద్దకు కొనిపోవలెను. స్పృహ లేని జంతువు నోట నీరు పోయరాదు. నెమలివంటి ఊరికి మండలపు పశువైద్యశాల చేరువలోనే యుండును. 1998లో స్థాపితమైన గన్నవరము పశువైద్య కళాశాల మన జిల్లా పొలిమేరకు చేరువలోనే కలదు.

నెమలి కోవెలకు వచ్చు యాత్రికులకు ఆ ఊరివారు వేసవిలో మంచినీరు ఇచ్చుట చిరకాలపు మర్యాద. ఆ నీటిపందిరి ప్రక్కనే, నేలకు అందునంత ఎత్తున, ఒక సిమెంటు తొట్టిని కట్టించి ఉగాదినుండి మృగశిరకార్తె వరకు ప్రతిదినము నింపుటకు గ్రామపంచాయతియు, దేవాలయమువారును, ఊరి యువకులును పూనుకొనవలెనని మనవి చేయుచున్నాను. ఈ వ్యాసము చదివినవారు తమ గేటు వెలుపల, నీడ పడుచోట, ఈ సాయంకాలమే ఒక మట్టిమూకుడు నీరు పెట్టుదురు గాక.